గేర్లు లేని సైకిల్‌కీ ఒక గేరు ఉంటుంది: తక్కువ డబ్బులో రోజువారీ సైకిల్ ఎంపిక

ఒడిశాలోని బరంపురంలో పది వేల రూపాయలు పట్టుకుని సైకిల్ షాపుకి వెళ్తే ఇంచుమించు ఒకే ధరకి రెండు రకాలు చూపిస్తారు. ఒకదానికి 21 గేర్లు, ముందు షాక్, రెండు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, లావుపాటి టైర్లు ఉంటాయి. రెండోదానికి అవేవీ ఉండవు. పెడల్ దగ్గర ఒక పళ్ల చక్రం (చైన్‌వీల్), వెనక ఒక పళ్ల చక్రం (ఫ్రీవీల్), మామూలు బ్రేకులు, అంతే. అదే డబ్బుకి ఇన్ని వస్తుంటే రెండోది ఎందుకు కొనాలి అని ఎవరికైనా అనిపిస్తుంది.

కానీ తయారు చేసేవాళ్లకి కూడా పది వేలు పది వేలే. గేర్లకీ, షాక్‌కీ, డిస్కులకీ అయిన ఖర్చు ఆ ధరలోనే ఇమడాలంటే ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి. ఆ కోత కంటికి కనపడని చోట పడుతుంది. చక్రం మధ్య ఉండే హబ్‌లో తిరిగే బాల్స్, వాటిని పట్టి ఉంచే కోన్‌లు, యాక్సిల్ ఇనుము, స్పోకులు, పెడల్ బేరింగులు, బ్రేకు వైర్లు నాసిరకానివి పడతాయి. రోజూ పనికి వెళ్లే సైకిల్‌లో ముందుగా చెడిపోయేవి కూడా ఇవే. ఆదివారం సరదాగా తొక్కేవాళ్లకి ఇది పెద్ద నష్టం కాకపోవచ్చు. ఉదయం తొమ్మిదింటికి షాపు తియ్యాల్సినవాళ్లకీ, డ్యూటీకి హాజరు వెయ్యాల్సినవాళ్లకీ మాత్రం టెన్షనే.

అందుకే బడ్జెట్ పది వేల లోపు ఉండి, దారి చదునుగా ఉంటే గేర్లు లేని సైకిలే సరైన ఎంపిక. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. గేర్లు లేవు అంటాం గాని, ప్రతి సైకిల్‌కీ ఒక గేరు ఉంటుంది. అది మార్చుకోవడానికి వీల్లేకుండా బిగించి ఇస్తారు, అంతే తేడా. ఆ ఒక్క గేరు ఎంత అన్నది మన దారికి కుదరాలి. రంగు, కంపెనీ, సీటు మెత్తదనం అన్నీ అడిగి కొనేవాళ్లు ఈ ఒక్క లెక్క అడగరు. చాలామంది సైకిల్ కొని మూలన పడెయ్యడానికి ఈ లెక్క కుదరకపోవడం పెద్ద కారణం.

గేర్లు లేకపోతే వెనక చక్రానికి జరిగే మేలు

గేర్లున్న సైకిల్‌లో వెనక హబ్‌కి కుడివైపు ఆరో ఏడో పళ్ల చక్రాలు పేర్చాలి. వాటికి చోటివ్వడానికి కుడివైపు స్పోకులని నిటారుగా, ఎడమవైపు స్పోకులని వాలుగా కట్టాల్సి వస్తుంది. దాంతో కుడివైపు బిగువు ఎక్కువ, ఎడమవైపు తక్కువ అవుతుంది. గుంటలో పడ్డ ప్రతిసారీ ఆ తేడా ఇంకొంచెం పెరుగుతుంది. రిమ్ వంకర పోవడం, స్పోకులు తెగడం వెనక చక్రంలోనే ఎక్కువగా కనిపించడానికి మనిషి బరువుతో పాటు ఇదీ కారణమే. తక్కువ ధర గేర్ల సైకిళ్లలో యాక్సిల్ కూడా కుడివైపు ఆధారం లేకుండా చాలా పొడుగు బయటికి ఉంటుంది. బరువు మోస్తే వంగుతుంది.

గేరు ఒక్కటే అయితే రెండు వైపులా స్పోకులు దాదాపు ఒకే వాలులో, ఒకే బిగువులో ఉంటాయి. చైన్ పక్కకి వాలకుండా సూటిగా నడుస్తుంది కాబట్టి అరుగుదల తక్కువ. వెడల్పుగా ఉంటుంది కాబట్టి బురదనీ ఇసుకనీ తట్టుకుంటుంది. గేర్లు మార్చే డిరైలర్ అనే ఆ వేలాడే మీట ఉండదు కాబట్టి స్టాండులో పక్క సైకిల్ మీద పడ్డా వంగేదేమీ లేదు.

రిపేరు సంగతి ఇంకా ముఖ్యం. పర్లాకిమిడిలో గాని, గుణుపురంలో గాని, రాయగడ దాటాక రోడ్డు పక్క ఏ చిన్న ఊళ్లో గాని చెట్టు కింద పంక్చర్లు వేసే మనిషి దగ్గర గేర్లు లేని సైకిల్ సామాను దొరుకుతుంది. ఒడిశా ప్రభుత్వం హైస్కూల్ పిల్లలకి ఏళ్ల తరబడి సైకిళ్లు ఇస్తూ ఉండటం వల్ల కూడా ఇలాంటి సైకిళ్లు పల్లెపల్లెకీ చేరాయి. కొలతలు దేశమంతా ఇంచుమించు ఒకటే. అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడు, మూతపడింది. అయినా అట్లాస్ సైకిల్ ఉన్నవాళ్లు రోడ్డున పడలేదు. లూధియానాలో తయారయ్యే ఫ్రీవీలో, చైనో, యాక్సిలో తెచ్చి దానికి బిగించుకోవచ్చు. ఫ్యాక్టరీ మూతపడినా సైకిల్ నడుస్తుంది. తక్కువ డబ్బుతో కొనేవాళ్లకి ఇంతకన్నా పెద్ద గ్యారంటీ ఏ కార్డు మీదా రాసివ్వరు.

ఒక చుట్టు తిప్పితే ఎంత దూరం?

ఇక అసలు లెక్క. పెడల్ దగ్గర ఉండే పెద్ద పళ్ల చక్రం చైన్‌వీల్. వెనక చక్రానికి ఉండే చిన్నది ఫ్రీవీల్. చైన్‌వీల్‌కి 44 పళ్లు, ఫ్రీవీల్‌కి 18 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగేలోగా చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 26 అంగుళాల చక్రమైతే ఆ ఒక్క చుట్టులో సైకిల్ సుమారు 5 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 18 కిలోమీటర్లు. నిమిషానికి 60 అంటే ఆయాసపడకుండా మాట్లాడుకుంటూ తొక్కగలిగే వేగం.

పాత పద్ధతి పెద్ద సైకిల్‌లో లెక్క మారుతుంది. 28 అంగుళాల చక్రం, 48 పళ్ల చైన్‌వీల్, 18 పళ్ల ఫ్రీవీల్ ఉంటే ఒక చుట్టుకి 5.9 మీటర్ల దాకా పోతుంది. వేగం గంటకి 21 కిలోమీటర్లు దాటుతుంది. వినడానికి బాగుంది గాని ఆ బరువు మోకాళ్ల మీదే పడుతుంది. ఆగి బయల్దేరిన ప్రతిసారీ సీటు మీంచి లేచి తొక్కాల్సి వస్తుంది. సిగ్నళ్లూ, ఆవులూ, ఆటోలూ అడుగడుక్కీ ఆపే బడాబజార్ లాంటి చోట్ల ఇది రోజూ అనుభవానికొచ్చే సంగతి.

పళ్లు లెక్కపెట్టడం విసుగనిపిస్తే ఇంకో తేలిక దారి ఉంది. షాపు ముందు సైకిల్ నిలబెట్టి, ఒక పెడల్ సరిగ్గా కిందికి వచ్చేలా పెట్టాలి. ముందు చక్రం నేలకి తగిలే చోట సుద్దతో గీత గియ్యాలి. సైకిల్‌ని మెల్లగా ముందుకి నడిపిస్తూ చేత్తో పెడల్ తిప్పుతూ, చైన్ బిగువు వదలకుండా, అదే పెడల్ మళ్లీ కిందికి వచ్చేదాకా పోవాలి. అక్కడ ఇంకో గీత గీసి టేపుతో కొలవాలి. రెండు నిమిషాల పని. షాపువాళ్లు వింతగా చూసినా ఫర్వాలేదు. సైకిల్ గురించి వాళ్లు చెప్పే మిగతా మాటలన్నిటికన్నా ఈ ఒక్క కొలత ఎక్కువ చెబుతుంది.

ఈ కొలత ఎంత ఉండాలన్నది ఊరిని బట్టి, దారిని బట్టి. బరంపురం పట్నంలో, లంజిపల్లి నుంచి ఆస్కా రోడ్డు మీదుగానో, అంబపువా దాటి భంజవిహార్ యూనివర్సిటీ దాకానో వెళ్లేవాళ్లకి దారి చాలావరకు చదును. ఒక చుట్టుకి 4.8 నుంచి 5.2 మీటర్ల మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. 26 అంగుళాల చక్రానికి 44, 18 పళ్ల జత సరిగ్గా ఇక్కడ కూర్చుంటుంది. చాలా కంపెనీలు ఇచ్చేది కూడా ఇదే కాబట్టి బరంపురం వాళ్లకి పెద్దగా వెతుకులాట ఉండదు.

గోపాల్‌పూర్ వైపు, ఛత్రపురం వైపు రోజూ తిరిగేవాళ్లు మాత్రం గాలిని లెక్కలోకి తీసుకోవాలి. ఎత్తులు లేవు కదా అని ఊరుకుంటే మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి సంగతి తెలుస్తుంది. 65 కిలోల మనిషి, సైకిలూ సంచీ కలిపి ఇంకో 20 కిలోలు అనుకుందాం. గాలి లేనప్పుడు గంటకి 18 కిలోమీటర్ల వేగానికి సుమారు 80 వాట్ల శక్తి సరిపోతుంది. గంటకి 10 కిలోమీటర్ల ఎదురుగాలి తోడైతే అదే వేగానికి 140 వాట్లు కావాలి. ఈ చిన్న గాలికే చదును దారి కాస్తా నూరు మీటర్లకి ఒకటిన్నర మీటరు లేచే ఎక్కుడు దారి అవుతుంది. వేసవిలో తీరంలో గాలి ఇంతకన్నా గట్టిగానే వీస్తుంది. బరంపురంలో పని ముగించుకుని సాయంత్రం సముద్రం వైపు ఇళ్లకి వెళ్లేవాళ్లకి ఈ గాలి ఎదురే వస్తుంది. పొద్దుటి నుంచి నిలబడి పని చేసిన కాళ్లతో దాన్ని తోసుకుంటూ వెళ్లాలి. అలాంటివాళ్లు 20 పళ్ల ఫ్రీవీల్ వేయించుకుంటే ఒక చుట్టుకి దూరం నాలుగున్నర మీటర్లకి తగ్గుతుంది, కాళ్ల మీద భారం పదో వంతు తగ్గుతుంది. పోయేది గంటకి రెండు కిలోమీటర్ల వేగం. ఐదారు కిలోమీటర్ల దారిలో అది రెండు మూడు నిమిషాలకి మించదు.

పర్లాకిమిడి పట్నంలో, సరిహద్దు దాటి పాతపట్నం దాకా వెళ్లొచ్చేవాళ్లకి దాదాపు బరంపురం లెక్కే సరిపోతుంది. అదే ఊరి నుంచి ఆర్. ఉదయగిరి వైపు కొండల్లోకి తిరిగితే కథ వేరు. రాయగడ, జేకేపూర్ మధ్య తిరిగే మిల్లు కార్మికులకీ, సునాబెడ, సెమిలిగుడ వైపు వాళ్లకీ ఎత్తుపల్లాలు తప్పవు. నూరు మీటర్లకి ఐదు మీటర్లు లేచే ఎత్తు మీద, పైన అనుకున్న మనిషే గంటకి 10 కిలోమీటర్ల చొప్పున ఎక్కాలంటే 140 వాట్లు పెట్టాలి. ఎదురుగాలికి పెట్టినంతే కదా అనిపిస్తుంది. తేడా ఏమిటంటే, 5 మీటర్ల గేరుతో ఆ నెమ్మది వేగంలో పెడల్ నిమిషానికి 33 చుట్లే తిరుగుతుంది. అదే శక్తిని సగం చుట్లలో ఇమడ్చాలి కాబట్టి ప్రతి తొక్కుడూ రెండింతల బరువవుతుంది. మోకాలు నొప్పి ఇక్కడే మొదలవుతుంది. 22 పళ్ల ఫ్రీవీల్ వేస్తే ఒక చుట్టుకి 4.1 మీటర్లు, నిమిషానికి 40 చుట్లు. చిన్న చిన్న ఎత్తులున్న రాయగడ దారులకి అది చాలు. చదునులో గంటకి 15 కిలోమీటర్లు దాటకపోవచ్చు, దానికి సిద్ధపడాలి.

ఘాట్ రోడ్డు ఎక్కాల్సినవాళ్లకి ఈ వ్యాసంలో చెప్పేది పనికిరాదు. జైపూర్ నుంచి కొరాపుట్ ఎక్కే దారి లాంటివాటికి గేర్లు కావాల్సిందే. అప్పుడు కూడా ముందు మూడు, వెనక ఏడు అని మోజు పడకుండా, వెనక మాత్రమే గేర్లున్నది చూసుకుని, అవసరమైతే ఇంకో మూడు నాలుగు వేలు కూడబెట్టుకుని కొనడం మేలు.

ఫ్రీవీల్ మార్పించడం అంటే పెద్ద పనేమీ కాదు. మెకానిక్ వెనక చక్రం ఊడదీసి, ఫ్రీవీల్ గాడిలో పట్టే రెంచి పెట్టి ఎదురు తిప్పి విప్పుతాడు. కొత్తది మర ఎక్కించి, చైన్ సరిచేస్తాడు. 18 పళ్లది తీసి 20 పళ్లది వేస్తే చక్రాన్ని పావు అంగుళం ముందుకి జరిపితే సరిపోతుంది, కొత్త లింకు అక్కర్లేదు. 22 పళ్లది వేస్తే సరిగ్గా ఒక అంగుళం చైన్ కలపాలి, అప్పుడు చక్రం పాత చోటే ఉంటుంది. సామాను, కూలీ కలిపి కొన్ని వందల రూపాయల పని. కొత్త సైకిల్ కొనేటప్పుడే బేరంలో ఈ మార్పు అడిగితే చాలా షాపుల్లో ఫ్రీవీల్ ధర తేడా మాత్రమే తీసుకుంటారు.

దీనికి ఒక షరతుంది. వెనక యాక్సిల్ కూర్చునే గాడి అడ్డంగా, పొడుగ్గా ఉండాలి. అప్పుడే చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరిపి చైన్ బిగువు చెయ్యగలం. కొన్ని చవక సైకిళ్లలో గేర్ల ఫ్రేమునే తీసుకుని గేర్లు మానేసి అమ్ముతారు. వాటిలో గాడి నిలువుగా ఉంటుంది. చైన్ సాగిన కొద్దీ జారి పడుతుంది, బిగించే దారి ఉండదు. షాపులో వంగి ఆ గాడి చూడటం మర్చిపోకూడదు.

బ్రేకు, రిమ్, వాన

డబ్బు రెండోసారి పెట్టాల్సింది బ్రేకుల మీద. మెరిసే క్రోమ్ పూత ఉన్న ఇనప రిమ్ తడిస్తే రబ్బరు బ్రేకు పట్టు బాగా పడిపోతుంది. గట్టిగా నొక్కినా సైకిల్ జారుతూనే పోతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాన, ఆ తర్వాత అక్టోబర్‌లో తుఫాన్ల కాలం ఉండే ఈ తీరంలో ఇది చిన్న విషయం కాదు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. రెండూ అక్టోబర్‌లోనే. తుఫాను రోజున ఎవరూ సైకిల్ తియ్యరు గాని, ఆ నెలల్లో రోడ్డు తడిగా ఉండే రోజులు చాలా ఉంటాయి.

అల్యూమినియం రిమ్ ఉండి, రిమ్‌ని రెండు పక్కల నుంచీ నొక్కే వీ బ్రేకులు ఉన్న సైకిల్ దొరికితే ఐదారు వందలు ఎక్కువైనా అదే తీసుకోవాలి. అల్యూమినియం మీద తడి రబ్బరు కూడా పట్టుకుంటుంది. తుప్పూ పట్టదు. పాత పెద్ద సైకిళ్ల రాడ్ బ్రేకులకి వైర్లు ఉండవు కాబట్టి ఉప్పుగాలికి వైరు తుప్పుపట్టి తెగే గొడవ లేదు. రిమ్ కొంచెం వంకర పోయినా పని చేస్తాయి. కానీ వాటి దిమ్మలు రిమ్‌ని లోపలి వైపు నొక్కుతాయి, ఆ రిమ్ ఇనపదే. వానలో నమ్మడానికి లేదు. రాడ్ బ్రేకుల సైకిలే కావాలనుకునేవాళ్లు వానలో మెయిన్ రోడ్డు ఎక్కేముందు రెండు మూడు సార్లు బ్రేకు తేలిగ్గా నొక్కి రిమ్ మీది నీరు తుడిచే అలవాటు చేసుకోవాలి.

ఇక చవక డిస్క్ బ్రేకులు. పళ్లెం కాస్త వంగితే గీరుకుంటూనే ఉంటుంది, ప్యాడ్‌లు చిన్న ఊళ్లలో దొరకవు. మంచి డిస్క్ నిజంగా మంచిదే, కానీ అది ఈ ధరలో రాదు. ముందు షాక్ సంగతి కూడా అంతే. ఒక్క గేరుతో ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కుతాం. అప్పుడు చవక షాక్ కిందికీ పైకీ ఊగుతూ మన బలాన్ని మింగేస్తుంది. పైగా కిలో పైచిలుకు అదనపు బరువు. షాక్ లేని గట్టి ఫోర్కు, కాస్త వెడల్పు టైరు, టైరులో సరిపడా గాలి ఉంటే గుంటల రోడ్డు మీద కూడా ఇబ్బంది ఉండదు. టైరుకి మధ్యలో నున్నగా ఉండే రకం చాలు. బొడిపెల టైరు తారు రోడ్డు మీద హోరుమంటూ కాళ్ల బలం తినేస్తుంది.

ఒంటికి సరిపోయే కొలత

గేర్ల సైకిల్‌లో సీటు ఎత్తు కాస్త తప్పినా తేలిక గేరుతో నెట్టుకురావచ్చు. ఒక్క గేరు సైకిల్‌లో ఆ వెసులుబాటు లేదు. సీటు మీద కూర్చుని, మడమని పెడల్ మీద పెట్టి, పెడల్ పూర్తిగా కిందికి దించితే కాలు నిటారుగా చాచుకోవాలి. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు అప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగుతుంది. మన దగ్గర చాలామంది రెండు పాదాలూ నేలకి ఆనేలా సీటు దించుకుంటారు, భయం లేకుండా ఉంటుందని. దాంతో ప్రతి తొక్కుడుకీ మోకాలు అతిగా వంగుతుంది. నెల తిరిగేసరికి సైకిల్ పడలేదు అంటారు. తప్పు సైకిల్‌ది కాదు.

ఆడవాళ్ల సంగతి షాపుల్లో సరిగ్గా పట్టించుకోరు. బుట్ట ఉన్న లేడీస్ సైకిల్ తీసుకోమంటారు, అక్కడితో ఊరుకుంటారు. చీరకీ చున్నీకీ ఇబ్బంది లేకుండా దిగువ ఫ్రేము మంచిదే. కానీ చైన్‌కి నిండా కవర్ ఉందా, వెనక చక్రానికి చీర కొంగు పడకుండా జాలీ ఉందా, చేతివేళ్లకి బ్రేకు మీట అందుతోందా అన్నవి ఇంకా ముఖ్యం. అలాంటి సైకిళ్లలో చైన్‌వీల్ పళ్లు మోడల్‌కొక రకంగా ఉంటాయి కాబట్టి సుద్ద గీతల కొలత తప్పకుండా చేసి చూడాలి.

ఈ మధ్య కుర్రాళ్లకి ఫిక్సీ మీద మోజు పెరిగింది. దానికి ఫ్రీవీల్ ఉండదు. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. వాటిలో కొన్ని బ్రేకు లేకుండా కూడా వస్తాయి. జాతీయ రహదారి 16 మీద లారీల పక్కన, సందుల్లో పిల్లల మధ్య రోజూ తొక్కే సైకిల్‌గా దాన్ని ఎవరికీ సిఫారసు చెయ్యలేం.

సెకండ్ హ్యాండ్

డబ్బు మరీ తక్కువైతే సెకండ్ హ్యాండ్‌లో మంచి సైకిల్ కొత్తదాంట్లో నాసిరకం కన్నా నయం. గేర్లు లేని సైకిల్‌లో చూసుకోవాల్సిన చోట్లు కొన్నే. ముందు ఫ్రేము. తీర ప్రాంతపు సైకిల్ అయితే పెడళ్ల కింద, గొట్టాలు కలిసే చోట రంగు పొక్కిందేమో వేలితో నొక్కి చూడాలి. ఉప్పుగాలికి తుప్పు లోపల్నుంచి తింటుంది, పైకి బుడగలా కనిపిస్తుంది. హ్యాండిల్ కింద గొట్టం దగ్గర పగులు గాని, కొత్తగా వెల్డింగ్ చేసిన గుర్తు గాని ఉంటే ఇక బేరం ఆడక్కర్లేదు, వదిలెయ్యాలి. తర్వాత చక్రం పైకెత్తి తిప్పి బ్రేకు దిమ్మ దగ్గర రిమ్ ఎంత ఊగుతోందో చూడాలి. రిమ్ పట్టుకుని అటూ ఇటూ కదిపితే టకటకమంటే కోన్‌లు వదులయ్యాయి. అది బిగిస్తే పోతుంది. గరగరమంటూ తిరిగితే బాల్స్ అరిగాయి, ఓవరాయిలింగ్ చేయించాలి. పెడల్ చేతిని, అంటే పెడల్ బిగించి ఉండే కడ్డీని, పట్టుకుని ఊపితే కదలకూడదు. కాటర్ పిన్నుతో బిగించే పాత రకంలో పిన్ను అరిగితే తొక్కినప్పుడల్లా కట్‌మనే చప్పుడొస్తుంది. పిన్ను చవకే. అరిగిన పిన్నుతో అలాగే తొక్కి యాక్సిల్ గాడి పాడుచేసుకుంటే ఖర్చు పెరుగుతుంది.

ఖర్చు

సైకిల్ ధర ఒక్కటే ఖర్చు అనుకుంటే లెక్క తప్పుతుంది. పది వేలున్నాయంటే ఏడున్నర వేల దాకా సైకిల్‌కి పెట్టి, మిగతాది తాళం, ముందూ వెనకా లైట్లు, మడ్‌గార్డులు, క్యారియర్, చేతి పంపు, ఒక స్పేర్ ట్యూబ్, అవసరమైతే ఫ్రీవీల్ మార్పుకి ఉంచుకోవాలి. కొత్త తరహా సైకిళ్లకి మడ్‌గార్డు, స్టాండు విడిగా కొనాల్సి రావచ్చు. పాత పద్ధతి సైకిల్‌కి అవన్నీ ధరలోనే వస్తాయి, కాకపోతే మోడల్‌ని బట్టి 18 నుంచి 22 కిలోల బరువుంటుంది. మేడ మీద ఇల్లు ఉన్నవాళ్లు సైకిల్ పైకి మొయ్యాలేమో చూసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర స్టిక్కర్ ఉన్న సైకిల్ చూపిస్తే ఆ తేడా అడగడం మర్చిపోకూడదు.

ఎదురు లెక్క కూడా చూద్దాం. రోజుకి రానూపోనూ 10 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు అనుకుంటే 250 కిలోమీటర్లు. లీటరుకి 50 కిలోమీటర్లిచ్చే మోటార్‌సైకిల్‌కి 5 లీటర్ల పెట్రోల్. లీటరు నూరు రూపాయల చొప్పున నెలకి 500, ఏడాదికి 6,000. సర్వీసింగు, ఇన్సూరెన్సు కలపకుండానే ఇది. మంచి సైకిల్ ధర ఏడాదిన్నరలోపే తిరిగొస్తుంది. నెల జీతం మీద బతికే ఇంట్లో ఇది తేలిగ్గా తీసేసే మొత్తం కాదు.

సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకి మాత్రం ఒక అదనపు పని తప్పదు, చైన్ కాపాడుకోవడం. ఉప్పుగాలికి రెండు మూడు రోజుల్లోనే ఎర్రబడుతుంది. వారానికోసారి పాత గుడ్డతో తుడిచి, ఒక్కో లింకుకి ఒక్కో చుక్క మెషిన్ ఆయిల్ వేసి, పైన మిగిలింది మళ్లీ తుడిచెయ్యాలి. మోటార్‌సైకిల్‌లోంచి తీసిన నల్ల ఆయిల్ పోయడం చాలాచోట్ల అలవాటు. అందులో ఇనప పొడి ఉంటుంది. అది చైన్‌ని అరగదీస్తుంది తప్ప కాపాడదు.

కొన్న నెల రోజులకి కొత్త సైకిల్ ఒకసారి షాపుకి తీసుకెళ్లాలి. కొత్త స్పోకులు సర్దుకుని వదులవుతాయి, బ్రేకు వైర్లు సాగుతాయి, పెడల్ చేతుల బిగింపు సడలుతుంది. అప్పుడు ఒక్కసారి బిగిస్తే చాలాకాలం మళ్లీ చూడక్కర్లేదు. ఆ తర్వాత ఆరు నెలలకోసారి స్కేలుతో చైన్ కొలుచుకోవాలి. కొత్త చైన్‌లో ఒక పిన్ను నుంచి మొదలుపెట్టి 24 లింకులు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాలుంటుంది. అదే పొడవు అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగిందంటే చైన్ మార్చే రోజొచ్చింది. అప్పుడే మారిస్తే ఖర్చు చైన్‌తో సరి. ఆలస్యం చేస్తే సాగిన చైన్ ఫ్రీవీల్ పళ్లని కూడా తినేసి, కొత్త చైన్ వేసినా జారుతూ ఉంటుంది. రెండూ మార్చాల్సి వస్తుంది.